నొప్పిలేని కామెర్ల వెనుక

కాలేయం రోజుకు ముప్పాతిక లీటరు నుంచి లీటరు దాకా పైత్యరసాన్ని తయారుచేస్తుంది. వెంట్రుక కంటే సన్నని గొట్టాలలో పుట్టే ఈ పసుపుపచ్చని ద్రవం, వాగులు కలిసి ఏరైనట్లు క్రమంగా పెద్దవయ్యే నాళాలలోకి చేరి, కాలేయం అడుగున కుడి ఎడమ నాళాలు ఒక్కటయ్యే కూడలిని దాటి, పిత్తాశయం నుంచి వచ్చే చిన్న పాయను కలుపుకొని, పాంక్రియాస్ అని పిలిచే క్లోమగ్రంథి తలభాగం గుండా దిగి, చిన్నపేగు మొదట్లో పడుతుంది. తిన్న నెయ్యి, నూనె జీర్ణం కావడానికి ఈ రసమే ఆధారం. ఇంత పని మోసే పిత్తనాళం, అది బాగా వెడల్పుగా ఉండే చోట కూడా, ఆరోగ్యవంతులలో ఆరేడు మిల్లీమీటర్లు మించదు. దానికి వచ్చే క్యాన్సర్ లక్షణాలు, దాన్ని పట్టుకోవడంలోని చిక్కులు, చికిత్సలోని కష్టనష్టాలు చాలావరకు ఈ ఇరుకుతనం నుంచే పుడతాయి. నాళం గోడలో శనగగింజంత గడ్డ లేచినా దారి మూసుకుపోతుంది. ఆ గింజంత గడ్డ దాకా వెళ్లి చిన్న ముక్క తీసుకురావడం మాత్రం చేయి తిరిగిన నిపుణులకూ గగనమవుతుంది.

నాళం లోపొర కణాలలో పుట్టే ఈ వ్యాధిని వైద్యశాస్త్రం కొలాంజియోకార్సినోమా అంటుంది. కాలేయం లోపలి సన్నని నాళాలలో పుట్టేది ఒక రకం, కుడి ఎడమ నాళాలు కలిసే కూడలిలో పుట్టేది మరొకటి, కూడలికి దిగువన పేగు వైపు సాగే నాళంలో పుట్టేది ఇంకొకటి. పేరు ఒకటే అయినా లక్షణాలలోనూ, ఆపరేషన్‌లోనూ, కణాల లోపలి జన్యుమార్పులలోనూ ఇవి ఒకదానికొకటి పోలిక లేని వ్యాధులు. సగానికి పైగా రోగులలో కనిపించేది కూడలి రకం. యేల్ విశ్వవిద్యాలయ వైద్యుడు జెరాల్డ్ క్లాట్‌స్కిన్ 1965లో 13 మంది రోగుల వివరాలతో దీన్ని వర్ణించినందువల్ల నేటికీ వైద్యుల నోట ఇది క్లాట్‌స్కిన్ గడ్డగానే వినిపిస్తుంది. ఉత్తర భారతంలో గంగాతీర ప్రాంతాలలో ఎక్కువగా కనిపించే పిత్తాశయ క్యాన్సర్‌తో దీన్ని కలిపి చూడడం మామూలే గానీ, అది పైత్యరసాన్ని నిలువ ఉంచే సంచికి వచ్చే జబ్బు, ఇది ఆ రసం నడిచే దారికి వచ్చే జబ్బు.

దారి మూసుకుపోతే పైత్యరసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. అందులోని బిలిరుబిన్ అనే పసుపు పదార్థం ముందు కళ్లలో, తర్వాత చర్మంలో తేలుతుంది, మూత్రంలోకి దిగి దాన్ని డికాక్షన్ రంగుకు మారుస్తుంది. పేగులోకి చేరవలసిన రంగు చేరదు కాబట్టి మలం పసుపు, గోధుమ ఛాయలు కోల్పోయి సుద్దలాగా, తడిసిన బూడిదలాగా పాలిపోతుంది. వీటికి తోడు దురద వస్తుంది. దద్దురు, పొక్కు ఏమీ లేకుండా అరచేతులలో, అరికాళ్లలో మొదలై రాత్రివేళ పెచ్చుమీరి, గోకిన చోటల్లా గీతలు పడి నెత్తురు చిమ్మే దాకా పోయే ఈ దురద కళ్లు పచ్చబడక ముందే మొదలు కావచ్చు, రోగి వారాల తరబడి చర్మవైద్యుల చుట్టూ తిరగవచ్చు. ఆకలి మందగించడం, బట్టలు వదులయ్యేంతగా బరువు తగ్గడం వెంట నడుస్తాయి. లేనిది నొప్పి ఒక్కటే. రాయి అడ్డుపడినప్పుడు కడుపు మెలితిప్పే నొప్పి రోగిని ఆ రాత్రే ఆసుపత్రికి పరుగెత్తిస్తుంది, గడ్డ అడ్డుపడినప్పుడు చాలామందిలో అలాంటి హెచ్చరికే ఉండదు. కాలేయం లోపలి రకం ఇంకా గుట్టుగా ఉంటుంది. అది పెద్ద దారిని మూయదు గనుక కామెర్లు కూడా లేకుండా, వేరే కారణంతో తీసిన స్కాన్‌లో హఠాత్తుగా బయటపడుతుంది.

తెలుగు పల్లెలలో ఈ వ్యాధి చేతిలోంచి జారిపోయేది సరిగ్గా ఇక్కడే. కళ్లు పచ్చబడ్డాయంటే పసరు పోయించడం, ఉప్పూ కారమూ లేని పత్యం పెట్టడం, కొన్నిచోట్ల చేతికి వాత వేయించడం తరతరాల అలవాటు. కలుషిత నీటి వల్ల వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాల కామెర్లు ఎక్కువమందిలో కొన్ని వారాలలో వాటంతట అవే తగ్గిపోతాయి, ఆ తగ్గుదల ఘనత పసరు ఖాతాలో పడుతుంది; అందుకే పసరుకు అంత పేరు. ఆ పేరును నమ్ముకొని, నాళం మూసుకుపోయి కామెర్లు వచ్చిన మనిషి ఆరేడు వారాలు పత్యం చేస్తే, అప్పటికే చిక్కిన ఒంటికి పోషణ తగ్గడమే కాక గడ్డ రక్తనాళాల మీదికి పాకడానికి వ్యవధి దొరుకుతుంది. మూసుకుపోయిన గొట్టాన్ని తెరిచే పసరు ఏదీ లేదు. కామెర్లు లక్షణమే తప్ప రోగం కాదన్న మాట ఇళ్లలోకి ఇంకా చేరలేదు.

ఆసుపత్రిలో తొలి ఆధారం చవకైన రక్తపరీక్షలోనే దొరుకుతుంది. వైరస్ కామెర్లలో కాలేయ కణాలు దెబ్బతిని ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే ఎంజైములు వందలు దాటి వేలలోకి పెరుగుతాయి. దారి మూసుకున్న కామెర్లలో అవి ఓ మోస్తరుగానే ఉండి, డైరెక్ట్ బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనేవి బాగా పెరుగుతాయి. పొట్ట మీద చేయి పెట్టి చూడడానికీ విలువ ఉంది. కుడివైపు పక్కటెముకల కింద నొప్పి లేకుండా ఉబ్బిన పిత్తాశయం చేతికి తగిలి, రోగికి కామెర్లు ఉంటే, దానికి రాయి కారణం కాకపోవచ్చునని స్విట్జర్లాండ్ సర్జన్ లుడ్విగ్ కుర్వాజియే 1890లో రాసినది నేటి వైద్య విద్యార్థులూ వల్లె వేస్తారు. గడ్డ నాళం దిగువన ఉంటే పిత్తాశయం ఉబ్బుతుంది, పైన కూడలిలో ఉంటే రసం అసలు అక్కడిదాకా రాదు కాబట్టి ఖాళీ సంచిలా ముడుచుకుపోతుంది. ఈ సంగతినే అల్ట్రాసౌండ్ స్కాన్ తెరమీద చూపిస్తుంది, కాలేయం లోపలి నాళాలు ఉబ్బాయో లేదో, ఉబ్బు ఎక్కడ ఆగిందో కొన్ని నిమిషాలలో చెబుతుంది. జిల్లా కేంద్రాలలో, చిన్న పట్టణాలలో కూడా అందుబాటులో ఉన్న ఈ పరీక్ష చేయించకుండా కామెర్లకు వారాల తరబడి మాత్రలు వాడడం సమర్థించదగిన పని కాదు.

అడ్డు ఉందని తేలాక మందు ఎక్కించి తీసే సీటీ స్కాన్, ఎమ్మార్‌సీపీ అనే ఎమ్మారై చిత్రం అవసరమవుతాయి. మొదటిది గడ్డకూ రక్తనాళాలకూ ఉన్న దూరాన్ని చెబుతుంది. రెండోది ఒంట్లోకి ఏ గొట్టమూ దింపకుండా, నిలిచి ఉన్న ద్రవాన్ని మాత్రం తెల్లగా మెరిపించి, ఆకులు రాల్చిన చెట్టు కొమ్మల్లా పిత్తనాళాలను చూపిస్తుంది; గడ్డ ఉన్నచోట కొమ్మ తెగిపోయినట్లు కనబడుతుంది. వీటి తర్వాతే ఈఆర్‌సీపీ. నోటి గుండా ఎండోస్కోపును చిన్నపేగు దాకా దించి, నాళం ముఖద్వారంలోకి సన్నని తీగ ఎక్కించి, ఇరుకైన చోట స్టెంట్ అనే చిన్న గొట్టాన్ని అమర్చి రసానికి దారి ఇచ్చే ప్రక్రియ ఇది. ఇందులో మొదటి మెట్టును, అంటే ఎండోస్కోపు ద్వారా నాళం ముఖద్వారంలోకి చేరడాన్ని, అమెరికా సర్జన్ విలియం మెక్‌క్యూన్ 1968లో తొలిసారి ప్రకటించారు. తెలుగు నేల మీద దీనికి పెద్ద పేరు తెచ్చినవారు హైదరాబాద్ ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ స్థాపకులు డాక్టర్ డి. నాగేశ్వర్‌రెడ్డి, ఈ రంగంలోని కృషికి 2025లో ఆయనకు పద్మవిభూషణ్ లభించింది.

స్కాన్లు ముందు, స్టెంట్ తర్వాత అన్న ఈ వరుస చూడడానికి చిన్న విషయంలా ఉన్నా రోగి భవిష్యత్తు చాలావరకు దానిమీదే ఆధారపడుతుంది. స్టెంట్ వేయగానే ఉబ్బిన నాళాలు ముడుచుకుపోతాయి, గోడలు వాస్తాయి, గడ్డ ఎందాక పాకిందో ఆ తర్వాతి చిత్రాలలో తేల్చడం కష్టమవుతుంది. కూడలి గడ్డలలో ఆపరేషన్‌కు ముందు ఏ సగం కాలేయాన్ని తీసి ఏ సగాన్ని ఉంచాలో సర్జన్ తేల్చుకోవాలి. స్టెంట్‌ను మిగల్చబోయే సగంలోకి వేయవలసి ఉండగా, తొందరలో తీసేయబోయే సగంలోకి వేస్తే, పనికిరావలసిన సగంలో పైత్యరసం నిలిచి చీము పట్టే ప్రమాదం ఉంది. దిగువ గడ్డలలో కామెర్లు మరీ ముదరకపోతే అసలు స్టెంట్ లేకుండానే నేరుగా ఆపరేషన్‌కు వెళ్లడం మేలయ్యే సందర్భాలూ ఉన్నాయి. బిలిరుబిన్ అంకె చూసి కంగారుపడిన కుటుంబం ముందు కామెర్లు తగ్గించమని ఒత్తిడి చేయడం సహజమే అయినా, ఆపరేషన్ చేయబోయే సర్జన్ చిత్రాలను చూడక ముందు స్టెంట్ పడకపోవడమే మంచిది. చలితో వణుకు పుట్టించే జ్వరం వచ్చినప్పుడు మాత్రం ఈ నియమం పక్కకు తప్పుకోవలసిందే. నిలిచిన పైత్యరసంలో క్రిములు పెరిగాయనడానికి అది గుర్తు, ఆ రసాన్ని గంటలలో బయటికి తీయాలి. ఏ గొట్టం వేసే ముందైనా విటమిన్ కె ఇంజెక్షన్ ఇవ్వడం వెనుకా ఈ అడ్డే ఉంది: పైత్యరసం పేగులోకి రానిదే కొవ్వులో కరిగే ఆ విటమిన్ ఒంటికి పట్టదు, అది పట్టనిదే నెత్తురు సరిగా గడ్డకట్టదు.

ఇరుకు కనిపించినంత మాత్రాన అది క్యాన్సరేనని చెప్పలేరు. ఈఆర్‌సీపీలో చిన్న బ్రష్‌తో నాళం గోడను రుద్ది తీసిన కణాలలో, నిజంగా క్యాన్సర్ ఉన్నవారిలో సైతం సుమారు సగం మందికి క్యాన్సర్ లేదనే ఫలితం వస్తుంది. ఈ గడ్డలో నారలాంటి గట్టి కణజాలం ఎక్కువ, క్యాన్సర్ కణాలు తక్కువ కావడం అందుకు కారణం. నాళంలోకే దూరి చూసే సన్నని కెమెరాతోనో, ఎండోస్కోపు కొసన అల్ట్రాసౌండ్ ఉన్న పరికరంతోనో ముక్క తీస్తే కొంత నయం. రక్తంలో సీఏ 19-9 అనే పదార్థాన్ని కొలవడం మామూలే గానీ, మామూలు రాయి వల్ల కామెర్లు వచ్చినా అది పెరుగుతుంది, రక్తవర్గానికి సంబంధించిన ఒక పుట్టు లక్షణం వల్ల కొద్దిమందిలో ఎంత ముదిరిన వ్యాధిలోనూ పెరగనే పెరగదు. ఒక్క అంకెను పట్టుకొని క్యాన్సర్ ఉందనో లేదనో తేల్చడం తప్పు. ఇంకో తిరకాసు ఐజీజీ4 వ్యాధి. శరీర రక్షణ వ్యవస్థ దారితప్పి నాళం గోడలను వాపెక్కించే ఈ జబ్బు చిత్రాలలో అచ్చం క్యాన్సర్‌లా కనిపిస్తుంది, స్టెరాయిడ్ మాత్రలకు చాలావరకు కరిగిపోతుంది. సగం కాలేయం కోసేశాక అది క్యాన్సర్ కాదని తేలిన సందర్భాలు పేరున్న కేంద్రాలలోనూ ఉన్నాయి.

తాగుడు అలవాటు లేని మనిషికి ఇది ఎలా వచ్చిందన్నది ప్రతి ఇంట్లోనూ లేచే ప్రశ్న. చాలామందిలో స్పష్టమైన కారణం దొరకదు. నాళాలు ఏళ్ల తరబడి వాచి గట్టిపడే స్క్లిరోజింగ్ కొలాంజైటిస్, పుట్టుకతో నాళం తిత్తిలా ఉబ్బి ఉండడం, కాలేయం లోపల రాళ్లు చేరడం, హెపటైటిస్ బి, సి వల్ల కాలేయం గట్టిపడడం ముప్పును పెంచుతాయని తెలుసు. ప్రపంచంలో ఈ వ్యాధి అన్నిటికంటే ఎక్కువగా కనిపించే చోటు థాయిలాండ్ ఈశాన్య ప్రాంతమైన ఇసాన్. అక్కడి ఇష్టమైన వంటకం కోయ్ ప్లా; పచ్చి చేపను సన్నగా తరిగి నిమ్మరసం, కారం, మూలికలు కలిపి ఉడికించకుండానే తింటారు. ఆ మంచినీటి చేపల కండలో ఉండే ఒక పురుగు పిల్లలు మనిషి పిత్తనాళంలోకి చేరి, సుమారు సెంటీమీటరు పొడవు పెరిగి, ఏళ్లకేళ్లు అక్కడే కాపురముంటాయి. మన గొర్రెల కాపరులకు తెలిసిన కార్జపు జలగకు ఇది దాయాది. దీన్ని క్యాన్సర్ కారకంగా అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1994లో నిర్ధారించింది. ఒక మాత్రతో పురుగు చస్తుంది, మళ్లీ పచ్చి చేప తింటే మళ్లీ చేరుతుంది. మందు ఉండీ వ్యాధి పోకపోవడానికి నాలుక రుచే కారణం. చేపను పులుసులో బాగా ఉడికించి తినే తెలుగువారికి ఈ పురుగు బెడద లేదు. జపాన్‌లోని ఒసాకాలో కారణం మరోలా బయటపడింది. అక్కడి ఒక అచ్చుయంత్రాల గదిలో పనిచేసిన 62 మంది పురుషులలో 11 మందికి, అదీ చిన్న వయసులోనే, ఈ క్యాన్సర్ వచ్చినట్లు 2013లో వెలువడిన పరిశోధన చూపింది. సిరా తుడవడానికి గాలి ఆడని గదిలో వాడిన డైక్లోరోప్రొపేన్ అనే ద్రావకం అందుకు కారణమని తేలి, మరుసటి ఏడు దాన్నీ క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు.

నయం చేయగల ఆశ ఉన్న చికిత్స ప్రధానంగా ఆపరేషనే, అది సాధ్యమయ్యే దశలో వచ్చేవారు తక్కువ. దిగువ గడ్డకు విపుల్ ఆపరేషన్ చేస్తారు. క్లోమం తల, చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, నాళం కలిపి తీసి, మిగిలినవాటిని పేగుకు తిరిగి కుట్టడం అందులోని పని. కూడలి గడ్డ అసలైన పరీక్ష పెడుతుంది. కాలేయానికి నెత్తురు తెచ్చే ధమని, పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర కూడా ఆ కూడలిని ఒరుసుకొనే పోతాయి గనుక, గడ్డను శుభ్రంగా తీయాలంటే దానితోపాటు కాలేయంలో సగమో, సగానికి మించో తీయవలసి వస్తుంది. వెనుక దాగి ఉండే కాడేట్ అనే చిన్న తమ్మె నుంచి వచ్చే సన్నని నాళాలు నేరుగా ఆ కూడలిలోనే కలుస్తాయని, దాన్ని వదిలేస్తే గడ్డ మళ్లీ లేస్తుందని జపాన్‌లోని నగోయా సర్జన్ యూజీ నిమురా బృందం 1990లో చూపాక, ఆ తమ్మెను కూడా తీయడం ఆనవాయితీ అయింది.

కాలేయానికి పెరిగే గుణం ఉన్నా, మిగిలే భాగం మరీ చిన్నదైతే రోగి ఆపరేషన్ తర్వాతి వారాలు దాటలేడు. ఆరోగ్యంగా ఉన్న కాలేయంలో నాలుగో వంతు మిగిలినా గండం గడుస్తుంది, కామెర్లతో నానిన కాలేయంలో మూడో వంతుకు పైగా మిగలాలి. ఈ చిక్కుకు జపాన్ సర్జన్ మసతోషి మకూచి చూపిన ఉపాయం ఎంతో తెలివైనది. తీసేయబోయే సగానికి పోయే పోర్టల్ సిర కొమ్మను సూది ద్వారా ముందే మూసేస్తారు. అటు పోవలసిన నెత్తురంతా ఇటు మళ్లి, మిగలవలసిన సగం మూడు నుంచి ఆరు వారాలలో తనంతట తాను పెరుగుతుంది, అప్పుడు కత్తి పెడతారు. కాలువ ఒక తూము మూసి రెండో మడికి నీరు మళ్లించినట్లే ఇది. ఆయన దీన్ని 1990లో ప్రకటించినది కూడలి క్యాన్సర్ రోగుల కోసమే. అన్నీ సవ్యంగా జరిగి అంచులలో క్యాన్సర్ కణాలు మిగలకపోయినా, అయిదేళ్లు దాటేవారు నూటికి సుమారు 25 నుంచి 40 మంది. ఇంత సున్నితమైన ఆపరేషన్ ఏడాదికి ఒకటి రెండు చేసే చోట కంటే, తరచూ చేసే చోట చేయించుకోవడమే క్షేమం.

గడ్డ మూడు సెంటీమీటర్లకు లోపు ఉండి, లింఫ్ గ్రంథులకు పాకకుండా, ఉన్న చోటును బట్టి కోసి తీయడానికి వీలుకాని కొద్దిమందికి రేడియేషన్, కీమోథెరపీ ఇచ్చి ఆ తర్వాత కాలేయ మార్పిడి చేసే పద్ధతిని అమెరికాలోని మేయో క్లినిక్ 1993లో మొదలుపెట్టింది. బాగా ఏరి ఎంచిన ఆ రోగులలో సగానికి పైగా అయిదేళ్లు దాటారు. ఇందులో ఒక కఠిన నిబంధన ఉంది: పొట్ట మీది నుంచి సూది గుచ్చి కూడలి గడ్డలోంచి ముక్క తీస్తే, సూది దారిలో కణాలు చిందే భయంతో ఆ రోగికి ఈ అవకాశం మూసుకుపోతుంది. ముక్క తీయాలన్న ఆత్రం కూడా చేటు కాగలదన్న మాట.

ఆపరేషన్ అయినవారికి ఆరు నెలలు కేపసిటబిన్ మాత్రలు ఇవ్వడం 2019లో వెలువడిన బ్రిటన్ అధ్యయనం తర్వాత స్థిరపడింది. అందులో మాత్రలు వాడినవారిలో సగం మంది 51 నెలలు దాటగా, వాడనివారిలో అది 36 నెలలు. గణాంకశాస్త్రం గీటురాయికి ఆ ఫలితం కొద్దిలో అందకపోయినా వైద్యులు దాన్నే పాటిస్తున్నారు. ఆపరేషన్ వీలుకానివారికి జెమ్‌సిటబిన్, సిస్‌ప్లాటిన్ అనే రెండు మందుల కలయిక 2010 నుంచి వాడుకలో ఉంది. ఒక్క మందుతో 8.1 నెలలున్న మధ్యస్థ ఆయువు, అంటే సగం మంది దాటగలిగిన కాలం, రెండింటితో 11.7 నెలలకు చేరింది. వీటికి 2022లో దుర్వాలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు తోడైంది. మధ్యస్థ ఆయువు దానివల్ల పెరిగినది నెలన్నర అటూ ఇటూ మాత్రమే, ఆ మందు ఖరీదు చూసినవారికి అది నిరాశే కలిగిస్తుంది. అయితే మూడేళ్లు దాటినవారు నూటికి 7 నుంచి దాదాపు 15కు పెరగడం తేలిగ్గా కొట్టిపారేయదగిన మార్పు కాదు.

స్టెంట్ గురించి ఇంట్లోవారు తెలుసుకోవలసినది ఒకటి ఉంది. అది పడిన వారం పది రోజులలో కళ్ల పసుపు విరిగి, దురద పోయి, ఆకలి తిరిగి రావడంతో జబ్బు తగ్గిందన్న భ్రమ కలుగుతుంది, తిరిగి చూపించుకోవడం ఆగిపోతుంది. ప్లాస్టిక్ స్టెంట్ మూడు నెలలకు అటూ ఇటూగా మడ్డి పట్టి పూడుకుపోతుంది. లోహపుది మరికొన్ని నెలలు ఎక్కువ నిలుస్తుంది. మళ్లీ చలిజ్వరం వస్తే మలేరియా మాత్రలతో ఇంట్లో కాలయాపన చేయకుండా అదే పూట ఆసుపత్రికి చేరాలి.

గత కొన్నేళ్లలో ఎక్కువ ముందడుగు పడినది జన్యుపరీక్షల వైపు. కాలేయం లోపలి రకంలో నూటికి పది పదిహేను మందిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్2 అనే జన్యువు మరో జన్యువుతో అతుక్కుని కణాన్ని ఆగకుండా పెంచుతుంది. దానికి గురిపెట్టిన పెమిగాటినిబ్ మాత్రను అమెరికా 2020లో అనుమతించింది. ఐడీహెచ్1 మార్పు ఉన్నవారికి ఐవోసిడెనిబ్ 2021లో వచ్చింది. రొమ్ము క్యాన్సర్‌లో పేరు వినిపించే హెర్2 మార్పు ఈ నాళాలలోనూ కొందరిలో ఉంటుంది, దానికీ మందులున్నాయి. ఈ మందులు ఎవరికి పనికివస్తాయో తేల్చేది మాత్రం బయాప్సీలో దొరికిన ఆ చిన్న ముక్కే. ఇరుకు నాళంలోంచి అంత కష్టపడి తీసిన ముక్కను ల్యాబ్‌లో పారఫిన్ మైనంలో పోసి గట్టి దిమ్మగా చేసి భద్రపరుస్తారు. ఒక ఆసుపత్రి నుంచి మరో ఆసుపత్రికి మారేవారు రిపోర్టు కాగితాలు పట్టుకొని ఈ దిమ్మను మరిచిపోవడం, కొత్తచోట మళ్లీ ముక్క కోసం మొదటి నుంచి మొదలుపెట్టడం తరచూ జరుగుతున్నది. డిశ్చార్జి రోజున స్కాన్ సీడీలతోపాటు బయాప్సీ బ్లాకు కావాలని ల్యాబ్‌లో అడిగితే, సంతకం తీసుకొని ఇస్తారు.